కలంకారీకి బడి పెట్టించిన కమలాదేవి

శ్రీకాళహస్తి యనగానే మన మనస్సునకు ముందుగా తోచునవి వాయులింగము, స్వర్ణముఖీ నది, ధూర్జటి కవిత. ఈ మూడింటితోపాటు ఆ యూరి పేరును నేడు దేశదేశములకు మోసికొనిపోవుచున్నది మరియొకటి కలదు. అది నూలుగుడ్డపై వెదురుకలముతో బొమ్మలు వ్రాసి, వేళ్ళనుండియు కాయలనుండియు తీసిన రంగులద్దిన కలంకారీ వస్త్రము. సుమారు డెబ్బది యేండ్ల క్రిందట ఈ విద్య తన యింటనే కొడిగట్టియుండెనన్న సంగతి నేటి విద్యార్థులలో పెక్కుమందికి తెలియదు. తెలిసినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది. క్రొత్తగా నేర్చువారు అరుదు. అట్టి దశలో ఆ యూరిలో ఒక శిక్షణకేంద్రము వెలసినది. అది వెలయుటకు ముఖ్యకారకురాలైన స్త్రీ తెలుగునాట పుట్టినది కాదు. అద్దకపువారి యింట పెరిగినది కాదు. ఆమె కమలాదేవీ చట్టోపాధ్యాయ. మన ప్రాంతపు బిడ్డలు ఆమె చరిత్రను తెలిసికొనుటకు ఈ యొక్క కారణమే చాలును.

కమలాదేవి 1903 వ సంవత్సరము ఏప్రిలు 3 వ తేదీన మంగళూరులో సారస్వత బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ జిల్లా కలెక్టరుగా పనిచేసినవాడు. తల్లి గిరిజాబాయి చదువరి, అభిమానవతి. కమలకు ఏడేండ్ల వయసున తండ్రి చనిపోయెను. ఆయన వీలునామా వ్రాసియుండలేదు. నాటి న్యాయమునుబట్టి ఆస్తి యంతయు ఆయన మొదటి భార్య కుమారునకు చెందినది. తల్లికూతుళ్ళకు మిగిలినది మనోవర్తి మాత్రమే. గిరిజాబాయి ఆ మనోవర్తిని కాదని, తనకు పుట్టింటినుండి వచ్చిన సొమ్ముతోనే కూతురిని పెంచుటకు పూనుకొనెను.

ఒక తరము చేతిలోనున్నది తరువాతి తరమునకు దానంతట అదియే అందదు. ఎవరో యొకరు తలపెట్టి అందింపవలెను. లేనిచో అది చెదరిపోవును. ఇది కమలాదేవి చెప్పిన మాట కాదు. ఆమె జీవితమును మొదటినుండి తుదివరకు చదివినవారికి తోచుమాట. ఆస్తి విషయమున ఆమె పసితనముననే ఈ కష్టమును చూచినది. విద్యల విషయమున ఆ కష్టము మరొకరికి కలుగకుండ చేయుటలో తన జీవితపు ఉత్తరార్ధమంతయు గడపినది.

పదునాలుగవ యేట ఆమెకు వివాహమాయెను. రెండేండ్లు గడువకముందే భర్త మరణించెను. ఆ కాలమున బాలవితంతువునకు వంటయిల్లే లోకము. గిరిజాబాయి మాత్రము కూతురి చదువు మాన్పింపలేదు. కమల మద్రాసు చేరి క్వీన్ మేరీస్ కాలేజిలో చదివెను. అచ్చట ఆమెకు స్నేహితురాలైన సుహాసిని, హైదరాబాదులో స్థిరపడిన అఘోరనాథ చట్టోపాధ్యాయుని కుమార్తె. సరోజినీ నాయుడు గారికి చెల్లెలు. వారి సోదరుడు హరీంద్రనాథుడు కవి, నటుడు. అతనికిని కమలకును పరిచయము కలిగి అది వివాహముగా పరిణమించెను. వితంతువు పునర్వివాహము చేసికొనుటయే ఒక వింత. వేరు ప్రాంతమువానిని, వేరు భాషవానిని చేసికొనుట రెండవ వింత. బంధువులు నొచ్చుకొనిరి. ఆమె వెనుదీయలేదు. ఆ దంపతులకు ఒక కుమారుడు కలిగెను. కొన్ని యేండ్లకు వారు విడిపోయి విడాకులు పొందిరి. అదియు నాటి సంఘమునకు మ్రింగుడుపడని సంగతియే.

భర్తతో లండను వెళ్ళి బెడ్‌ఫర్డు కాలేజిలో సమాజశాస్త్రము చదువుచుండగా, స్వదేశమున గాంధీమహాత్ముని ఉద్యమవార్తలు ఆమె చెవిని పడెను. ఆమె తిరిగివచ్చి సేవాదళములో చేరెను. ఈ దశలోనే ఆమెకు మార్గరెట్ కజిన్సు అను ఐరిషు వనితతో సాన్నిహిత్యము కలిగెను. ఈ కజిన్సు మనకును పరాయిది కాదు. నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ఆమె భర్త అధ్యక్షుడుగా నుండగా, 1919 లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటికి విచ్చేసెను. అప్పుడు జనగణమన గీతమునకు స్వరలిపి కూర్చినది ఈమెయే. 1926 లో మద్రాసు శాసనమండలికి స్త్రీలు పోటీచేయు హక్కు లభింపగా, కమలాదేవిని అభ్యర్థిగా నిలువుమని ప్రోత్సహించినదియు ఈమెయే. ప్రచారమునకు దినములు చాలలేదు. కమలాదేవి అతిస్వల్పమైన ఓట్ల తేడాతో ఓడిపోయెను. కాని మన దేశమున శాసనసభాస్థానమునకు పోటీచేసిన తొలి స్త్రీగా ఆమె పేరు నిలిచినది. మరుసటియేడు స్థాపితమైన అఖిలభారత మహిళాసభకు ఆమె తొలి కార్యదర్శులలో ఒకతె యాయెను.

1930 లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. దండియాత్రకు మహాత్ముడు ఎన్నుకొన్నవారిలో స్త్రీలు లేరు. కమలాదేవి ఆయనను కలిసి, సత్యాగ్రహమున స్త్రీలకును పాలు కావలెనని వాదించి ఒప్పించినదని ప్రసిద్ధి. బొంబాయిలో ఆమె ఉప్పు పొట్లములను చేతపట్టుకొని స్టాకు ఎక్స్ఛేంజి భవనములోనికే పోయి అమ్మినది. పిమ్మట చెరసాలకును పోయినది. అటుపిమ్మట పలుమార్లు జైలుజీవితము తప్పలేదు. 1936 లో కాంగ్రెసు సోషలిస్టు పక్షమునకు అధ్యక్షురాలైనది. ఈ నడుమనే మూకీచిత్రమైన మృచ్ఛకటికమునందు నటించుటకు జంకలేదు. మర్యాదస్తుల యిండ్ల స్త్రీలు తెరపై కనబడుటకు వెరచు కాలమది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆమె అమెరికా, జపాను, చైనా దేశములు తిరిగెను. జపానును గూర్చి, చైనా యుద్ధమును గూర్చి గ్రంథములు వ్రాసెను. స్వరాజ్యము వచ్చినది, దానితో దేశవిభజనయు వచ్చినది. వాయవ్య సరిహద్దునుండి కట్టుగుడ్డలతో వచ్చిన శరణార్థులకు ఢిల్లీ సమీపమున ఫరీదాబాదు పట్టణమును నిర్మించుటలో ఆమె స్థాపించిన భారత సహకార సంఘము పూనుకొనెను. అచ్చట సుమారు ఏబదివేలమందికి నిలువనీడ లభించినది. ఈ పనిలో ఆమె ముఖ్యముగా గ్రహించినది యొకటి. ఇల్లు కట్టియిచ్చినంతమాత్రమున మనుష్యుడు నిలద్రొక్కుకొనడు. అతని చేతిలోనున్న పనికి విలువ కట్టవలెను. రాజకీయములలో ఆమెకు సమానులైనవారు మంత్రులగుచుండగా ఆమె ఆ త్రోవను విడిచి చేతిపనులవైపు మరలెను. 1952 లో అఖిలభారత హస్తకళల బోర్డు ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షురాలై, సుమారు రెండు దశాబ్దులు ఆ భారము వహించెను.

ఆమె మన శ్రీకాళహస్తికి వచ్చునాటికి కలంకారీ స్థితి యెట్లుండెనో తెలియవలెనన్న, కొంత వెనుకకు పోవలెను. తెలుగుదేశమున ఈ విద్యకు రెండు పుట్టిండ్లు. మచిలీపట్టణమున చెక్క అచ్చులతో అద్దకము. శ్రీకాళహస్తిలో కేవలము కలముతో వ్రాత. కోరమండలు తీరపు రంగుగుడ్డలు పదునేడవ శతాబ్దిలో ఐరోపాలో మంచములపై దుప్పట్లుగా, గోడలపై తెరలుగా, స్త్రీల గౌనులుగా వ్యాపించినవి. ఉతికినను రంగు పోని నూలుగుడ్డ ఆ దేశములకు అపూర్వము. తమ నేతగాండ్రకు నష్టమని ఫ్రాన్సు ప్రభుత్వము 1686 నుండి 1759 వరకు ఈ గుడ్డలను నిషేధించినది. ఇంగ్లండు 1700 లోను, మరల 1721 లోను నిషేధచట్టములు చేసినది. డచ్చివారి ఓడలపై జపాను చేరిన మన గుడ్డలను అచ్చటివారు సరసా యని పిలిచి, తేనీటి పాత్రలను చుట్టిపెట్టుటకు చిన్నముక్కనైనను పదిలపరచుకొనిరి.

శ్రీకాళహస్తి కలంకారీ త్రోవ వేరు. అది ముఖ్యముగా దేవాలయమునకు చెందినది. గర్భగుడి ముందు తెర, దేవుని వెనుక వ్రేలాడు చిత్రపటము, పైన చాందినీ, రథమునకు అలంకారము: ఇవి దాని యుపయోగములు. రామాయణ భారత కథలను గళ్ళుగళ్ళుగా చిత్రించి, ప్రతి గడికిని దిగువ తెలుగులో కథను వ్రాయుట అచ్చటి సంప్రదాయము. చదువురానివాడు బొమ్మను చూచెడివాడు; చదువు వచ్చినవాడు అక్షరమును చూచి పదిమందికి వినిపించెడివాడు. ఒక విధముగా అది గుడ్డమీది పాఠశాల.

పందొమ్మిదవ శతాబ్దిలో యంత్రపు అచ్చుగుడ్డ చౌకగా వచ్చిపడినది. 1869 నాటికి ఐరోపా రసాయనశాస్త్రజ్ఞులు మంజిష్ఠ యెరుపును, 1897 నాటికి నీలిమందును కర్మాగారములలో తయారుచేసి అమ్మసాగిరి. చిరివేరు త్రవ్వువారికి, నీలిమడులు వేయువారికి గిరాకి తగ్గెను. జమీందారుల పోషణయు సన్నగిల్లెను. కొనువారు లేని విద్యను కొడుకునకు నేర్పువారెవరు? కలంకారీని చంపినది ఏ యొక్కరి ద్వేషమో కాదు. నేర్చినవానికి కూడు పెట్టలేకపోవుటయే.

కమలాదేవి ఈ రోగమును సరిగా గుర్తించెను. పాత గుడ్డలను కొని పేటికలో భద్రపరచుట ఒక మార్గము. వృద్ధులైన కళాకారులకు భరణమిచ్చుట మరియొక మార్గము. ఈ రెండును మంచివే. కాని రెండింటియందును విద్య ఆ వృద్ధునితోనే ముగియును. ఆమె మూడవ మార్గము ఎన్నుకొనెను. పనివానిని ఉపాధ్యాయుని చేయుట. 1950 దశకపు ఉత్తరార్ధమున శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణకేంద్రము ఆరంభమైనది. సంప్రదాయము నెరిగిన జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అచ్చట గురుస్థానమున కూర్చుండిరి. అంతవరకు తండ్రినుండి కొడుకునకు మాత్రము ప్రాకిన విద్య, దరఖాస్తు పెట్టుకొన్న పిల్లవానికిని అందునదైనది. వీలునామా లేక ఆస్తి పోగొట్టుకొన్న బాలిక, పెద్దయై, ఒక విద్యకు వీలునామా వ్రాయించినది.

ఆ బడిలో నేర్పునది ఎంత నిదానమైన విద్యయో చెప్పనిదే ఆమె చేసిన పని విలువ తెలియదు. ముందుగా ముతక నూలుగుడ్డను ఉతికి గంజి పోగొట్టవలెను. పిదప కరక్కాయ నీటిలో గేదెపాలు కలిపి అందు నానబెట్టి ఎండనార్పవలెను. పాలలోని జిడ్డు వలన రంగు చెదరి ప్రాకదు. కరక్కాయ వగరు వలన రంగు పట్టును. చింతపుల్లను కాల్చిన బొగ్గుతో బొమ్మను మొదట రేఖామాత్రముగా గీయుదురు. వెదురుపుల్లను చెక్కి, మొనకు కొంచెము పైగా ఉన్నినో గుడ్డపీలికనో దారముతో చుట్టినచో అది కలము. చుట్టిన భాగము రంగును పీల్చి నిలుపుకొనును. వ్రేలితో నొక్కినకొలది మొనలోనికి దిగును.

నల్లరేఖకు కసిమి వాడుదురు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినముల తరబడి పులియబెట్టి వడగట్టిన నీరే కసిమి. కలమున నున్నప్పుడు అది నలుపు కాదు. కరక్కాయ పట్టిన గుడ్డపై పడినతోడనే నల్లబారును. ఎరుపు కావలసిన చోట పటికనీరు పూసి, ఒకదినము ఆరనిచ్చి, పారు నీటిలో జాడింపవలెను. ఆ గుడ్డను చిరివేరు, సురుడుచెక్క మొదలగువాటితో ఉడికించినచో, పటిక యున్నంతమేర ఎరుపు పట్టును. తక్కినచోట పట్టిన మరకను పేడనీటిలో నానవేసి ఎండబెట్టి విరచెదరు. పసుపునకు కరకపువ్వు, నీలమునకు నీలిమందు. ప్రతి రంగునకును మరల ఉతుకు, మరల ఎండ. ఒక్క పటమునకు వారములు పట్టును. స్వర్ణముఖిలో నీరు లేనిచో పని సాగదు. ఎండలేనిచోను సాగదు. ఇట్టి విద్యను పుస్తకము చదివి నేర్చుకొనుట దుర్లభము. కసిమి పాకమునకు వచ్చినదో లేదో వాసనపట్టి చెప్పు గురువు ప్రక్కన నుండవలెను.

కమలాదేవి ఆలోచన ఒక్క మన దేశమునకు పరిమితమైనది కాదు. అప్పుడే జపానులోను ఇట్టి ప్రయత్నమే సాగుచుండెను. 1950 లో ఆ దేశము చేసిన చట్టము ప్రకారము, ఒక విద్యను చేతిలో నిలుపుకొన్న వ్యక్తినే జాతీయసంపదగా గుర్తించుట ఏర్పడినది. 1956 లో సెరిజవా కెయిసుకె అను అద్దకపు కళాకారునకు ఆ గౌరవము లభించెను. 1965 లో మన దేశమునను ఉత్తమ శిల్పులకు జాతీయపురస్కారములు మొదలైనవి. అంతకు ముందటి యేడు న్యూయార్కులో ప్రపంచ హస్తకళామండలి ఏర్పడినప్పుడు దాని స్థాపకులలో కమలాదేవి యొకతె.

జపానువారినుండి మనము గమనింపదగినది ఇంకొకటి కలదు. వారి యిండ్లలో టెనుగుయి యను నూలుగుడ్డ యుండును. పేరులో తెనుగు వినబడినను దాని యర్థము చేతులు తుడుచుకొనునది యని. వెడల్పు సుమారు ఒక అడుగు, పొడవు మూడడుగులు. త్వరగా ఆరుటకై అంచు కుట్టక విడుతురు. మడతలు పెట్టిన గుడ్డపై గంజివంటి పూతతో బొమ్మ నేర్పరచి పైనుండి రంగు పోయగా, అది ఇరుప్రక్కల సమముగా దిగును. చేయి తుడుచుకొనుటకు, తలకు చుట్టుకొనుటకు, వస్తువును మూటగట్టుటకు అదియే. మన తువాలువలె, తలగుడ్డవలె అది దినదినము వాడుకలో నుండుటచేతనే దాని అద్దకము నిలిచినది. నిత్యము చేతబడు వస్తువునకు చావు తేలికగా రాదు.

శ్రీకాళహస్తిలోను క్రమముగా ఇట్టి మార్పే కలిగెను. గుడితెరగా నున్న కలంకారీ చీరగా, పైటగా, దిండుగలీబుగా, చేతిసంచిగా మారినది. మద్రాసు కళాక్షేత్రమున కలంకారీ విభాగము ఏర్పడుటకును కమలాదేవి ప్రేరణయే కారణము. లక్ష్మయ్యగారి కుమారుడు గురప్ప శెట్టిగారు ఆ విద్యను మరింత ముందుకు కొనిపోయి 2008 లో పద్మశ్రీ పురస్కారము పొందిరి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక సూచికయు లభించినది. అన్నిటికంటె పెద్ద మార్పు మరియొకటి: నేడు ఆ యూరిలో కలము పట్టినవారిలో స్త్రీలు అనేకులు. తండ్రి ఆస్తిలో పాలు దొరకని బాలిక తెరిపించిన బడినుండి ఆడపిల్లల చేతికి విద్య చేరుట చరిత్రలోని న్యాయములలో ఒకటి.

అయినను అంతయు శుభమే యని చెప్పి ముగించుట సత్యము కాదు. కలంకారీ పేరుతో యంత్రములపై అచ్చొత్తిన గుడ్డలు ప్రతి అంగడిలోను దొరకుచున్నవి. కొనువానికి భేదము తెలియదు. తెలిసినను ధర చూచి చౌకదానినే కొనును. వారములు శ్రమించిన చేతికి, నిమిషములలో దింపిన యంత్రమునకు ఒకటే పేరు. వృక్షపు రంగులకు బదులు రసాయనములు వాడువారును కలరు. చేతిపని ధనవంతుల గోడకు అలంకారమై పోయినదను విమర్శయు కలదు. కమలాదేవి చేసిన పనిని ఈ విమర్శలు కొట్టివేయజాలవు. కాని ఆమె పని పూర్తికాలేదని మాత్రము తెలుపుచున్నవి. బడి ఆమె పెట్టించినది. గుర్తెరిగి కొనువారిని తయారుచేయుట మనకు మిగిలినది.

ఆమెకు గౌరవములు కొల్లలుగా వచ్చినవి. 1955 లో పద్మభూషణము, 1966 లో రామన్ మెగసెసె పురస్కారము, 1987 లో పద్మవిభూషణము లభించెను. 1986 లో ఆత్మకథ ప్రకటించెను. 1988 అక్టోబరు 29 వ తేదీన, ఎనుబదియైదవ యేట, బొంబాయిలో కన్నుమూసెను. పదవులలో నుండినవారి పేర్లు శిలాఫలకములపై నుండును. ఆమె పేరు అట్టిచోట్ల అంతగా కనబడదు. స్వర్ణముఖీ తీరమున ఆరవేసిన గుడ్డలపై ఆమె పేరు ఉండదు. కాని ఆమె లేనిచో ఆ గుడ్డలలో పెక్కు ఉండియుండవు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. శ్రీకాళహస్తి నేడు తిరుపతి జిల్లాలోనిది. చిత్తూరు, తిరుపతి బడులకు అది కూతవేటు దూరము. సంవత్సరమున కొకసారి పిల్లలను దేవాలయమునకు తీసికొనిపోవుట ఆచారమై యున్నది. ఆనాడే ఒక గంట కలంకారీ వ్రాయువారి యింటిముంగిట కూర్చుండబెట్టుడు. కసిమి గుడ్డను తాకి నల్లబడుట కన్నులార చూచిన పిల్లవాడు రసాయనశాస్త్రమున ఒక పాఠము మరువడు. బొమ్మకు దిగువ వ్రాసిన తెలుగు చదివిన బాలిక రామాయణమున ఒక ఘట్టము మరువదు. అంగడిలో అచ్చుగుడ్డకును చేతిగుడ్డకును భేదము చెప్పగల కన్ను వారికి ఏర్పడును. విద్యను ఒకరు తలపెట్టి అందించినచో మాత్రమే అది నిలుచునని కమలాదేవి తన చేతలతో చూపినది. ఆ అందించు పనిలో ఆమెకు తోడు లక్ష్మయ్యగారు. నేడు ఆ తోడు మీరు.